తలుపు పగలగొడతాం అన్నప్పుడు డీఎం ఏం చేయాలి

పటమటలో మా డాబా మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఆడతాం. డీఎం, అంటే కథ నడిపి రూల్స్ తేల్చే డంజియన్ మాస్టర్, నేనే. ఇన్నాళ్ళలో రాక్షసుల వల్ల ఆట నీరసపడిన రోజు ఒక్కటీ గుర్తులేదు. తలుపుల వల్ల మాత్రం చాలాసార్లు నీరసపడింది. ఒకసారి మా పిన్ని కొడుకు ఆడే ఫైటర్ (యోధుడి పాత్ర) ఒక ఇనుప గేటును నరుకుతానని పట్టుబట్టాడు. పాచిక వేయడం, తగల్లేదనడం, మళ్ళీ వేయడం. మిగతా నలుగురూ ఫోన్లు తీశారు. ఆ రాత్రి వస్తువుల రూల్స్ అన్నీ మళ్ళీ చదివి, ఒక పద్ధతి పెట్టుకున్నాను.

ముందు అచ్చులో ఉన్నది. 2014 నాటి 5వ ఎడిషన్‌లో వస్తువు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే పాచిక లెక్క అందుకోవాల్సిన అంకె) అది దేనితో చేసిందన్నదాన్ని బట్టి ఉంటుంది. గుడ్డ, కాగితం, తాడు 11. గాజు, మంచుగడ్డ 13. చెక్క, ఎముక 15. రాయి 17. ఇనుము 19. హిట్ పాయింట్లు (విరిగేలోపు తట్టుకునే డ్యామేజ్) సైజును బట్టి: సీసా, తాళం లాంటివి సుకుమారమైతే 2, గట్టివైతే 5. పెట్టె 3 లేదా 10, పీపా 4 లేదా 18, బండి అంతటివి 5 లేదా 27. విషం, సైకిక్ (మనసు మీద పడే) డ్యామేజ్ వస్తువులకు తగలవు.

ఇప్పుడు ఆ గేటు లెక్క చూడండి. దాడి పాచికకు 5 కలుపుకునే ఫైటర్‌కు 19 అందాలంటే ఇరవై ముఖాల పాచిక మీద కనీసం 14 పడాలి, అంటే వందకు 35 సార్లు. తగిలినప్పుడు ఎనిమిది ముఖాల పాచిక, దానికి 3 కలిపితే సగటున 7.5. తగలనివి కూడా కలిపితే 27 పాయింట్ల గేటుకు సగటున సుమారు పది వేట్లు పడతాయి. రౌండుకు ఒక వేటు చొప్పున, ఆరు సెకన్ల రౌండ్లు పది. కథలో ఒక్క నిమిషం! మా బల్ల దగ్గర అదే నిమిషం పావుగంట తిన్నది. పైగా కత్తితో ఇనుప గేటు నిమిషంలో కూలడం నమ్మేలా కూడా లేదు.

అందుకే నా మొదటి నియమం: చుట్టూ ప్రమాదం లేకపోతే పాచిక వద్దు. సరైన పనిముట్టు, తగినంత సమయం ఉంటే వస్తువు విరుగుతుందనే ఒప్పుకుంటాను. దానికి ఎంతసేపు పడుతుంది, ఎవరికి వినపడుతుంది, అది చెప్తాను. "సమ్మెటతో అయితే రెండు నిమిషాలు, కింది అంతస్తు దాకా వినపడుతుంది. బందులు ఊడదీస్తే పది నిమిషాలు, చప్పుడు తక్కువ. ఏం చేస్తారు?" ఇలా అడిగిన రోజున ఫోన్లు బయటికి రావు, అందరూ వాదించుకుంటారు. శత్రువు పది అడుగుల్లో ఉన్నాడనుకోండి, అప్పుడు ప్రతి వేటుకూ పాచిక వేయించాలి. ఆ టెన్షన్ ఆటకు కావాలి.

రెండోది మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయనది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. పాత బాడీ విప్పేటప్పుడు కుర్రాళ్ళు పలకల మీద సుత్తి ఎత్తితే ఆపేసేవారు. "కొట్టేముందు అది ఎక్కడ పట్టుకుని ఉందో చూడండ్రా" అనేవారు. తుప్పుపట్టిన బోల్టు తల ఉలితో నరికితే పలక దానంతట అదే చేతిలోకి వస్తుంది. పోత ఇనుము దెబ్బకు పగులుతుంది, మామూలు స్టీలు వంగుతుంది. ఇది నేరుగా ఆటలోకి తెచ్చాను. తలుపును ఒకే వస్తువుగా రాసుకోను. చెక్క పలక: ఆర్మర్ క్లాస్ 15, 18 పాయింట్లు. ఇనుప బందు: 19, కానీ 5 పాయింట్లే. లోపలి అడ్డగడియ బయటికి కనపడదు, వెతికితేనే తెలుస్తుంది. గునపంతో మీటే చోటు ఉంటే స్ట్రెంగ్త్ చెక్‌కు (బలం పరీక్షించే పాచికకు) అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం, రూలులోనే ఉంది. తలుపులు గుద్దే దూలానికి +4, ఇంకొకరు చెయ్యేస్తే అడ్వాంటేజ్ కూడా. గొలుసు తెంపాలంటే ఆ చెక్‌లో 20 అందుకోవాలి, నార తాడుకు 17. ఇవి డీఎం స్క్రీన్ (డీఎం ముందు నిలబెట్టుకునే అట్ట తెర) మీద అంటించుకోండి.

పెద్ద వస్తువులను భాగాలుగా విడదీయమని రూలే చెప్తుంది. ఇది మా వాళ్ళకు వివరించడానికి ప్రకాశం బ్యారేజీనే వాడాను. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. బ్యారేజీ నిలిచింది, దెబ్బతిన్నది గేట్లను ఎత్తే కౌంటర్ వెయిట్లు. మీ కోటను కూడా అలాగే రాయండి: గోడకు ఒక అంకె, గేటుకు ఒకటి, గేటును ఎత్తే గొలుసుకు ఇంకొకటి.

అంత పెద్దవాటికి డ్యామేజ్ త్రెషోల్డ్ పెట్టాలి. త్రెషోల్డ్ 10 అయితే 9 డ్యామేజ్ చేసిన దెబ్బ వృథా, 10 చేసింది పూర్తిగా తగులుతుంది. పాత 3.5 ఎడిషన్‌లోని హార్డ్‌నెస్ వేరు. అక్కడ చెక్కకు 5, రాయికి 8, ఇనుముకు 10 ప్రతి దెబ్బలోంచి తీసేస్తారు. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. చిన్న తలుపులకు నాకు హార్డ్‌నెస్ నచ్చుతుంది, కోటలకు త్రెషోల్డ్.

ప్లేయర్ చేతిలోని కత్తినో, తాతగారిచ్చిందని రాసుకున్న వీణనో విరిచే ముందు ఒక హెచ్చరిక ఇవ్వండి. చెప్పకుండా విరిస్తే మనసు నొచ్చుకుంటుంది, నేను చూశాను.

చివరగా, విరిగినదాన్ని మ్యాప్ మీద గుర్తుపెట్టండి. నేను ఎర్ర స్కెచ్‌తో గీత కొడతాను. మొన్న మా వాళ్ళు సమాధిగది తలుపు ముక్కలు చేసి లోపలికెళ్ళారు. ఎముకల సైన్యం లేచింది. వెనక్కి పరిగెత్తుకొచ్చి "తలుపు వేసేస్తాం" అన్నారు. ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి చూపించాను.