హైడ్రోజన్‌తో ఏ మూలకానికి ఎన్ని బంధాలు? బట్టీ అక్కర్లేదు, చుక్కలు పెట్టండి చాలు

హైడ్రోజన్ దగ్గర ఉన్నదే ఒక్క ఎలక్ట్రాన్, మామూలుగా అది కట్టేది ఒక్క బంధమే. కాబట్టి లెక్కంతా అవతలి పరమాణువుదే, దానికి ఎన్ని బంధాలు పడితే అన్ని హైడ్రోజన్లు.

నైట్రోజన్ తీసుకోండి. పరమాణు సంఖ్య 7, లోపలి షెల్‌లో 2 పోతే బయట 5. పేపర్ మీద ఎన్ అని రాసి బయటి ఎలక్ట్రాన్‌కి ఒక చుక్క లెక్కన నాలుగు వైపులా ఒక్కోటి పెట్టండి, ఐదో చుక్కకి వేరే వైపు లేదు కాబట్టి పైనున్న చుక్క పక్కనే పెట్టాలి, ఇప్పుడు చూస్తే ఒక జంట, మూడు ఒంటరి చుక్కలు. ఒంటరి వాటికే జంటగా హైడ్రోజన్ ఎలక్ట్రాన్ కావాలి, అలా పంచుకున్న ఒక్కో జంట ఒక బంధం, అంటే మూడు బంధాలు, అదే అమ్మోనియా. బయట 5 ఉన్నాయి కదా అని 5 బంధాలు రాసేసేది ఇక్కడే, నేనూ రాశాను ఒకప్పుడు!

ఇలాగే కార్బన్‌కి 4, ఆక్సిజన్‌కి 2, ఫ్లోరిన్‌కి 1, నియాన్‌కి అన్నీ జంటలే కాబట్టి సున్నా. షార్ట్‌కట్ కావాలంటే బయట 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 8 లోంచి తీసేయండి, తక్కువుంటే ఆ సంఖ్యే జవాబు. సోడియం నుంచి ఆర్గాన్ దాకా వరసగా చూస్తే 1, 2, 3, 4, 3, 2, 1, 0, మెట్లెక్కి దిగినట్టు ఉంటుంది. కాకపోతే సోడియం హైడ్రైడ్‌లో పంచుకోవడం ఏమీ లేదు, సోడియం తన ఎలక్ట్రాన్‌ని హైడ్రోజన్‌కి ఇచ్చేస్తుంది, అక్కడ 1 అన్నది నిష్పత్తి మాత్రమే.

బోరాన్ దగ్గర కొంచెం తిరకాసు. లెక్క ప్రకారం 3, కానీ అలా కట్టాక చుట్టూ ఎనిమిది కాకుండా ఆరు ఎలక్ట్రాన్లే అవుతాయి, అందుకని రెండు అణువులు కలిసి డైబోరేన్ అవుతాయి, అందులో రెండు హైడ్రోజన్లు ఇద్దరు బోరాన్ల మధ్య వంతెనలా కూర్చుంటాయి. పైన మామూలుగా అన్నది ఇందుకే. ఇక ఐరన్, పల్లేడియం లాంటి, ఆవర్తన పట్టిక మధ్యలో ఉండే గ్రూపుల జోలికి ఈ లెక్క పట్టుకుని వెళ్లకండి, పల్లేడియం అయితే హైడ్రోజన్‌ని స్పాంజిలా పీల్చుకుంటుంది.

ఫాస్ఫరస్ క్లోరిన్‌తో 5 కడుతుంది, సల్ఫర్ ఫ్లోరిన్‌తో 6 కడుతుంది, అది చూసి హైడ్రోజన్‌తో కూడా అంతే అనుకోవద్దు, ఇక్కడ ఫాస్ఫీన్‌లో 3, హైడ్రోజన్ సల్ఫైడ్‌లో 2, అంతే.

ఈథేన్‌లో ఒక్కో కార్బన్‌కి మూడే హైడ్రోజన్లున్నాయేంటి అంటే నాలుగో బంధం పక్క కార్బన్‌తో ఉంది. అలాగే ప్రశ్నలో ప్లస్ గుర్తు ఉందేమో చూసుకోండి, అమ్మోనియా తన జంట చుక్కల్ని ఇంకో హైడ్రోజన్ అయాన్‌కి ఇచ్చి అమ్మోనియం అయితే నైట్రోజన్‌కి 4 బంధాలు.