తపస్కాలానికి ముందు: "పాస్కా దాకా" అనకండి

గత పాస్కా (ఈస్టర్) ఆదివారం రాత్రి మా పక్క విచారణకు (పారిష్‌కు) చెందిన ఒక సోదరుడు తాగి బండి మీద ఇంటికి వస్తూ కల్వర్టును ఢీకొట్టి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆయన తపస్కాలమంతా, అంటే పాస్కాకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాలూ, చుక్క ముట్టని మనిషి, ప్రతి శుక్రవారం సిలువ మార్గంలో సిలువ పట్టుకుని ముందు నడిచిన మనిషి. ఆసుపత్రికి చూడడానికి వెళితే, పండుగకు కుట్టించుకున్న తెల్ల చొక్కా మంచం పక్క కుర్చీ మీద మడతపెట్టి ఉంది. దాని కుడి చేతి అంచున, ముందు రాత్రి జాగరణ పూజలో కారిన కొవ్వొత్తి మైనం ఇంకా అంటుకునే ఉంది. ఆ కొవ్వొత్తి పట్టుకునే ఆయన మనందరితో కలిసి సైతానును, వాని క్రియలను విసర్జిస్తున్నానని పలికారు. అలా పలికి ఇరవైనాలుగు గంటలు కూడా గడవలేదు.

ఉపవాసం ఎలా ఉండాలో, శుక్రవారం ఏం తినకూడదో మీకు తెలుసు కనుక వాటిని ఇక్కడ వివరించడం లేదు. ఎన్నో ఏళ్లుగా మన కుటుంబాలలో నేను చూస్తున్న ఒకే ఒక్క తప్పు గురించి రాస్తున్నాను. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుంటూనే, మనసులో పాస్కా తేదీని గడువుగా రాసుకోవడమే ఆ తప్పు. తాగుడు, పేకాట, గుట్కా, రాత్రి పన్నెండు దాకా ఫోను, చివరికి తోడబుట్టినవాడి మీద కోపం కూడా "పాస్కా దాకా" మానేస్తామంటారు. అలా అన్న మనిషి ఆ అలవాటును వదలలేదు, వాయిదా మాత్రమే వేశాడు. ఒక్కో రోజు గడిచేకొద్దీ అతడు క్రీస్తు ఉత్థానానికి దగ్గరవుతున్నానని అనుకుంటాడు గాని, నిజానికి ఆ సీసాకే దగ్గరవుతుంటాడు.

సుగుణం అంటే మేలు చేయడానికి మనిషిలో స్థిరపడిన అలవాటు అని కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1803వ సంఖ్యలో చెబుతుంది. గడువు పెట్టుకున్నది స్థిరపడదు. మత్తయి సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇల్లు శుభ్రంగా ఊడ్చి అమర్చినదే, కాని ఖాళీగా ఉంది. అందుకే వెళ్లిపోయిన దుష్టాత్మ తనకంటే చెడ్డవైన మరి ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. మన తపస్కాలపు ఇళ్లు చాలా వరకు ఇలాంటివే.

శ్రీసభ పంచాంగమే ఈ తప్పును సరిదిద్దుతుంది, మనమే దాన్ని సగం దాకా చదివి మూసేస్తున్నాము. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న, పాస్కా మార్చి 28న, పాస్కా కాలం ముగిసే పెంతెకోస్తు పండుగ మే 16న వస్తాయి. ఆదివారాలు తీసివేసి లెక్కిస్తే ఉపవాస దినాలు నలభై, పాస్కా కాలం మాత్రం యాభై రోజులు. అంటే ఆ నలభై రోజులలో నాటిన మొక్కకు నీళ్లు పోయవలసిన కాలం, నాటిన కాలం కంటే పెద్దది. ఆ యాభైలో మొదటి ఎనిమిది రోజులు, అంటే పాస్కా అష్టకం, నేను చూసినంతలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి, ఎందుకంటే బంధువులు వస్తారు, వంటలు ఘనంగా ఉంటాయి, ఇక నియమం తీరిపోయిందన్న ధీమా ఉంటుంది. కాబట్టి తపస్కాలంలో ఏం మానాలో రాసుకునే కాగితం మీదే, పాస్కా సోమవారం నుంచి ఆ ఖాళీలో ఏం చేస్తారో కూడా ఇప్పుడే రాసుకోండి. సాయంత్రం మద్యం దుకాణంలో గడిచే గంటకు బదులు ఇంట్లో పిల్లలతో జపమాల, ఆదివారం పేకాటకు బదులు మంచాన పడిన ఒక పొరుగువారి పలకరింపు, ఏదో ఒకటి పేరుపెట్టి రాయండి.

డబ్బు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రోజుకు రెండు వందలు తాగే మనిషి మానేస్తే ఆ నలభై రోజులకు ఎనిమిది వేలు మిగులుతాయి. ఆ డబ్బు ఇంట్లోనే ఉంటే పాస్కా మరునాడు అది ఎక్కడికి వెళుతుందో నేను చెప్పనక్కరలేదు. వారం వారం ఆ సొమ్మును దానంగా ఇచ్చేయండి. ఉపవాసాన్నీ దానాన్నీ శ్రీసభ విడదీయకుండా బోధించడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇక శరీరం సంగతి. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవారు విభూది బుధవారం నాడు ఒక్కసారిగా, ఒంటరిగా మానకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతి తప్పడం వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. రెండు వారాల ముందే డాక్టరును కలిసి మందులతో మానండి, అది విశ్వాసలోపం కాదు. చాలాకాలం మానినవారు పాత మోతాదునే మళ్లీ తాగితే శరీరం తట్టుకోదు. ఉపవాస నియమం పద్దెనిమిది నిండినవారికి మొదలై యాభై తొమ్మిది నిండగానే ముగుస్తుంది, రోగులకు అది వర్తించదు. ఇన్సులిన్ తీసుకునేవారు పస్తు ఉండవద్దు. మంచినీళ్లు తాగితే ఉపవాసం భంగం కాదు, ఎండలో కొండ మీద సిలువ మార్గం చేసేవారు తప్పకుండా తాగాలి.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడ గుణదల కొండ దగ్గర జరిగే మాత ఉత్సవాల నడుమనే 2027లో విభూది బుధవారం పడుతుంది. కొండ దిగగానే బిర్యానీ హోటలు వెతకకండి, ఆ రోజు ఉపవాసం, మాంసం లేదు.

పది నియమాలు పెట్టుకోకండి, మిమ్మల్ని నిజంగా పాడుచేస్తున్న ఒక్కదానిని పట్టుకోండి. పస్తున్న రోజు వంటింట్లో ఉన్న మనిషి మీద అరవకండి, అలాంటి ఉపవాసాన్ని దేవుడు వినడని యెషయా 58వ అధ్యాయం చెబుతుంది. నుదుటి విభూది ఫొటో స్టేటస్‌లో పెట్టకండి, ఆ రోజు చదివే సువార్తే దాన్ని వద్దంటుంది. పాపసంకీర్తనాన్ని, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడాన్ని, పాస్కాకు ముందున్న పవిత్ర వారందాకా లాగకండి, మొదటి వారమే వెళ్లండి. నడుమ ఒకసారి జారితే కాలమంతా పోయిందని వదిలేయకండి, మరునాడే గురువు దగ్గరికి వెళ్లండి. తమ్ముడితో మాట కలిపితే పాస్కా తరువాత కూడా మాట్లాడండి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో మానినదాన్ని డిసెంబరు 24 రాత్రి మొదలుపెట్టకండి, అదీ ఇదే తప్పు. పాస్కా ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లో భోజనమో ఇప్పుడే తేల్చుకోండి, సీసా తెరిచే ఇంటికి వెళ్లకండి. "పాస్కా దాకా" అనకండి. పిల్లల ముందు అసలే అనకండి. క్యాలెండరులో మార్చి 28 చుట్టూ గీసిన గీత ఉంటే చెరిపేసి, మీ నియమాన్ని మే 16 పక్కన, దాని తరువాతి సోమవారం పక్కన కూడా రాయండి. జాగరణ పూజ నుంచి రాగానే బండి తాళాలు ఇంట్లోవారి చేతికి ఇచ్చేయండి.