ఖాళీ చేయమని నోటీసు ఇచ్చే ముందు అగ్రిమెంటు బయటికి తీయండి

హైదరాబాద్‌లో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా నోటీసులు టైప్ చేయడం నా పని. ఓనర్లు వస్తూనే "గట్టిగా రాయండి, వెంటనే ఖాళీ చేయాలి" అంటారు. నేను ముందు అగ్రిమెంటు అడుగుతాను.

పదకొండు నెలలు అయిపోయి, నెలనెలా కిరాయి మీదే నడుస్తుంటే తేలిక. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు, కారణం రాయక్కర్లేదు. నోటీసు అందిన రోజు నుంచి లెక్క. కిరాయి 3,500 దాటని పాత పోర్షన్లకు మాత్రం రెంట్ కంట్రోల్ చట్టం ఉంది, వాటి దారి వేరు.

గడువు మిగిలి ఉంటేనే అసలు తలనొప్పి. కాపురానికని తీసుకున్న పోర్షన్‌లో కర్రీ పాయింట్ పెట్టారనుకోండి. షరతు తప్పితే ఇల్లు వెనక్కి తీసుకుంటామన్న మాట అగ్రిమెంటులో ఉండాలి. లేకపోతే ఎంత గట్టిగా రాసినా లాభం లేదు. ఉంటే, ఫలానా తేదీ నుంచి ముందు గదిలో కూరలు వండి అమ్ముతున్నారు, అది ఫలానా షరతుకు విరుద్ధం, ఇన్ని రోజుల్లో ఆపండి అని మొదటి నోటీసు. సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలన్నది 114ఏ సెక్షన్. అప్పటికీ ఆపకపోతే రద్దు నోటీసు. షరతుకు విరుద్ధంగా ఇంకొకరికి కిరాయికిచ్చేస్తే ఈ అవకాశం ఇవ్వాల్సిన పని లేదు. కిరాయి బాకీ ఒక్కటే పట్టుకుని వచ్చేవాళ్లకు నేను పెద్దగా ఆశ పెట్టను. కిరాయిదారు కోర్టులో వడ్డీ, ఖర్చులతో సహా కట్టేస్తే జడ్జి లీజు నిలబెట్టవచ్చు.

"వాళ్లింటికి ఎవరెవరో వస్తున్నారు" లాంటివి నేను టైప్ చేయను. తేదీలు, ఫొటోలు చాలు.

అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పోస్టులో పంపండి. తీసుకోనన్నారని కవరు తిరిగొస్తే చించకండి, అలాగే దాచండి. కోర్టులో దానికి విలువ ఉంది.

నోటీసు తర్వాత కూడా ఫోన్‌పేలో కిరాయి పడుతూనే ఉంటుంది. మాట్లాడకుండా ఉంచుకుంటే నోటీసు వదులుకున్నారని అవతలి వకీలు వాదిస్తాడు. ఇది కిరాయి కాదు, వాడుకుంటున్నందుకు పరిహారంగా జమ చేసుకుంటున్నామని అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి.

కరెంటు తీయించడం, తాళం మార్చడం వద్దు. అలా వెళ్లగొడితే కిరాయిదారు 6 నెలల్లోపు కేసు వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఖాళీ చేయించాల్సింది కోర్టే. దావాకు వచ్చేటప్పుడు అగ్రిమెంటు, నోటీసు కాపీలు, పోస్టు రసీదులు, ఆ చించని కవరు తెచ్చుకోండి.