ఊళ్లో కంటి శిబిరం: చూపు కొలవడం నుంచి ఆపరేషన్ తర్వాతి పరీక్ష దాకా

శిబిరానికి ఎంతమంది వచ్చారన్నది అసలు లెక్క కాదు. శుక్లం ఉందని తేలినవాళ్లలో ఎంతమందికి ఆపరేషన్ జరిగింది, నెల దాటాక వాళ్లకు ఎంత చూపు వచ్చింది అన్నవే లెక్క. రిజిస్టర్‌లో ఈ రెండు గడులు ముందే గీసిపెట్టుకోండి.

నాట్లు, కోతలు, జాతర రోజులు వదిలేసి తేదీ పెట్టండి. చాటింపు వేయించినా, చూపు బాగా తగ్గిన ముసలివాళ్లు వాళ్లంతట వాళ్లు రారు. ఆశా కార్యకర్త ఇంటికెళ్లి పిలుచుకురావాలి.

చార్టుకీ కుర్చీకీ మధ్య 6 మీటర్ల దూరం ఉండాలి. అడుగులేసి కొలవద్దు, ముడులేసిన తాడుతో కొలవండి. చార్టు వెనక కిటికీ ఉంటే వెలుగు కళ్లలో కొట్టి చూపు తప్పుగా తేలుతుంది. చదువు రానివాళ్లకు ఇంగ్లీషు ‘E’ అక్షరాల చార్టు వాడి, కొమ్ములు ఎటు తిరిగాయో చేత్తో చూపించమనండి. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ. రెండో కన్ను అరచేత్తో మూయాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూసేస్తారు, గట్టిగా నొక్కితే ఆ కన్ను కాసేపు మసకబారుతుంది. కళ్లజోడు ఉంటే పెట్టుకునే చదవాలి.

6/18 వరస (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేది) చదవలేకపోతే పలకకున్న సన్నని రంధ్రం, అంటే పిన్‌హోల్‌లోంచి చదివించండి. చూపు మెరుగైతే చాలావరకు అద్దాలతో పోయే లోపమే. అయినా లేత శుక్లంలోనూ కొంత మెరుగు కనిపిస్తుంది కాబట్టి, టార్చి పరీక్ష అందరికీ చేయాల్సిందే.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ టార్చి దగ్గరే. కంటిపాప తెల్లగా కనబడగానే శుక్లం అని రాసేసి ఊరుకోవద్దు. వెలుగు వేస్తే పాప చిన్నదవుతోందా? నాలుగు వైపుల నుంచీ టార్చి వేస్తే వెలుగు ఎటునుంచి వస్తోందో చెప్పగలుగుతున్నారా? శుక్లం ఎంత ముదిరినా ఈ రెండూ ఉండాలి. లేకపోతే లోపల రెటీనాలోనో నరంలోనో తేడా ఉన్నట్టు. అలాంటివాళ్లకు ‘పొర తీస్తే చూపొస్తుంది’ అని మాటివ్వకూడదు. ఆ ఒక్కరు చూపు రాక ఇంటికెళ్తే, ఊళ్లో ఇంకో పదిమంది ఆపరేషన్‌కి వెనకాడతారు.

తర్వాత చెవి వైపు నుంచి, ముఖానికి పక్కగా టార్చి వేయండి. పాప చుట్టూ ఉన్న రంగు వలయంలో ముక్కు వైపు సగం నీడలో పడితే కంటి ముందు గది ఇరుగ్గా ఉన్నట్టు. పాపను పెద్దది చేసే చుక్కలు ఆ కంట్లో శిబిరంలో వేయొద్దు. నీటికాసుల (గ్లాకోమా, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) పోటు ఒక్కసారిగా రావచ్చు.

కంటి మూల, ముక్కు పక్కన వేలితో నొక్కినప్పుడు చీము వస్తే ముందు దానికి వైద్యం, తర్వాతే శుక్లం. ఆ చీము ఆపరేషన్ చేసిన కంట్లోకి పోతే కన్నే పోవచ్చు. బీపీ, షుగర్ కూడా అక్కడే చూడండి. వరి ఆకో గింజో తగిలి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, ఎరుపు, నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి పంపండి. మందుల దుకాణంలో కొన్న స్టెరాయిడ్ చుక్కలు పుండును ముదరబెడతాయి.

చత్వారానికి (వయసుతో దగ్గరి చూపు తగ్గడానికి) 40 సెంటీమీటర్ల దూరంలో చదివించాలి. అద్దాల పవరు సుమారుగా 40 ఏళ్లకు +1.00, 50కి +2.00, 60కి +3.00. బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లకూ ఇవి కావాలి, చదివేవాళ్లకే కాదు. రెడీమేడ్ అద్దాలు మాత్రం రెండు కళ్లకూ దూరపు చూపు బాగున్నవాళ్లకే.

ఆపరేషన్ టెంటులోనో బడి గదిలోనో కాదు, ఆసుపత్రి థియేటర్లోనే. బస్సు అదే రోజు బయల్దేరాలి. ‘వచ్చే వారం రండి’ అంటే తోడొచ్చే మనిషి దొరకడు, కూలి పోతుంది. కుట్లు లేకుండా చేసే చిన్నకోత పద్ధతికి ఫేకో యంత్రం (శుక్లాన్ని ధ్వని తరంగాలతో ముక్కలు చేసి పీల్చేది) అక్కర్లేదు. బాగా ముదిరిన శుక్లాలకూ సరిపోతుంది, ఖర్చు తక్కువ. మిగిలించాల్సింది అక్కడే. పనిముట్ల శుద్ధిలో, కోతకు ముందు క్రిములు చావడానికి కంట్లో వేసే 5 శాతం పోవిడోన్ అయోడిన్‌లో పైసా తగ్గించకూడదు.

మర్నాడు ఒకసారి, 4 నుంచి 6 వారాల మధ్య ఇంకోసారి చూపు కొలవండి. 6/18 గానీ అంతకు మించి గానీ వస్తే మంచి ఫలితం. పిన్‌హోల్‌తో పెరిగితే అద్దాలివ్వాలి. మధ్యలో నొప్పి, ఎరుపు వచ్చి చూపు తగ్గితే ఆ రోజే రమ్మని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి పంపండి.

శిబిరం వెళ్లిపోయాక వీళ్లంతా ఎవరి దగ్గరికి పోవాలి? 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థను స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు దీనికి ఒక ఏర్పాటు చేశారు. సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటర్ (ఎప్పుడూ తెరిచి ఉండే చిన్న కంటి పరీక్ష కేంద్రం), అక్కడ శిక్షణ పొందిన స్థానిక యువత, పైన ఆపరేషన్ చేసే ఆసుపత్రి. మీ ఊరికి దగ్గర్లో అలాంటి కేంద్రం ఉంటే, శిబిరం రిజిస్టర్ నకలు ఒకటి ఆ రోజే అక్కడ ఇచ్చి రండి.