విడాకుల కేసు నడుస్తుంటే ఇల్లు ఖాళీ చెయ్యాలా? ముందు ఈ పనులు చూసుకోండి

నేను లాయర్ని కాను. జిల్లా న్యాయసేవాధికార సంస్థ హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చునే పారా లీగల్ వాలంటీర్ని. విడాకుల నోటీసు చేత్తో పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు ఎక్కువగా అడిగే మాట: "ఇల్లు మా మామగారి పేరున ఉందండీ, ఖాళీ చెయ్యమంటున్నారు. వెళ్ళిపోవాలా?"

అక్కర్లేదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ ప్రకారం, మీరు కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు మీకుంది. ఆ ఇంటి మీద మీ పేరు ఉండాల్సిన పని లేదు. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప మిమ్మల్ని బయటికి పంపకూడదు. మతం ఏదైనా ఇదే చట్టం. విడాకుల కేసు వేసినంత మాత్రాన ఈ హక్కు పోదు. డిక్రీ, అంటే విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు, వచ్చేదాకా మీరు భార్యే.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇది ఉండే హక్కు, ఆస్తిలో వాటా కాదు. ఇల్లు అమ్మి సగం ఇప్పించమని ఈ చట్టం కింద అడిగితే కుదరదు.

"అది మా అమ్మ ఇల్లు, నీకేం సంబంధం" అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. ఒకప్పుడు అందులో కొంత బలం ఉండేది. 2006 చివర్లో బాత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్తమామల సొంత ఇంటిమీద కోడలికి ఈ హక్కు రాదంది. 2020 అక్టోబర్‌లో సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు జడ్జిలు ఆ తీర్పు సరికాదని తేల్చారు. ఇల్లు భర్త బంధువుల పేరున ఉన్నా, మీరు అక్కడ స్థిరంగా కాపురం చేసి ఉంటే చాలు. పండక్కి వెళ్ళి రెండు రోజులు ఉన్న ఇల్లు లెక్కలోకి రాదు. పాత తీర్పు చూపించి భయపెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, కంగారు పడకండి. అత్తమామలు వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్ళి మిమ్మల్ని ఖాళీ చేయించాలని చూసినా, ఆ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలి నివాస హక్కును తుడిచెయ్యలేరని అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పెద్దవాళ్ళ ప్రశాంతతను కూడా కోర్టు చూస్తుంది. ఆ ఇంట్లో కలిసి ఉండటం సాధ్యం కాదనిపిస్తే, అదే స్థాయి ఇల్లు వేరే చూపించమనో, అద్దె కట్టమనో భర్తను ఆదేశించవచ్చు. నన్నడిగితే చాలామందికి అదే మేలు. రోజూ వంటింట్లో గొడవపడుతూ హక్కు నిలబెట్టుకోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు.

ఇప్పుడు పని సంగతి. ఆ ఇంట్లో మీరు ఉన్నారని చూపించే కాగితాలు ముందు పోగెయ్యండి. కరెంటు బిల్లు మామగారి పేరున ఉంటుంది, దానితో మీ సంగతి తేలదు. ఆధార్‌లో అడ్రస్, ఓటరు కార్డు, గ్యాస్ బుక్, పిల్లల స్కూల్ రికార్డు, మీ పేరున ఆ అడ్రస్‌కి వచ్చిన పార్సిళ్ళ బిల్లులు, ఇవన్నీ పనికొస్తాయి. "రేపటికల్లా సామాన్లు బయట పడేస్తా" లాంటి వాట్సాప్ మెసేజ్ వస్తే కోపంలో డిలీట్ చెయ్యకండి. తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ బంగారం, పుట్టింటివాళ్ళు పెట్టిన సామాను జాబితా రాసి, ఫొటోలు తీసి, ఒక సెట్టు ఆ ఇంటి బయట నమ్మకమైనవాళ్ళ దగ్గర ఉంచండి. బీరువా తాళం ఎప్పుడు మారుతుందో చెప్పలేం. ఇల్లు భర్త పేరున ఉంటే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే సర్టిఫికెట్) తీసి చూడండి. గుట్టుగా అమ్మకమో, తమ్ముడి పేరున గిఫ్టు డీడో జరిగి ఉంటే అందులో బయటపడుతుంది.

తర్వాత, పెద్దమనుషుల పంచాయతీలో సంతకాలు. ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెప్తాను. "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండు, గొడవ చల్లారాక తీసుకొస్తాం" అని మెత్తగా చెప్పి, ఒక తెల్ల కాగితం ముందు పెడతారు. అందులో "నా ఇష్టపూర్వకంగా ఇల్లు విడిచి వెళ్తున్నాను" అని ఉంటుంది. సంతకం పెట్టకండి. రేపు కోర్టులో మీకు ఎదురుగా పెట్టేది ఆ కాగితాన్నే. తప్పక వెళ్ళాల్సి వస్తే, ఎందుకు వెళ్తున్నారో, ఇల్లు వదులుకోవడం లేదని అదే రోజు భర్తకి మెసేజ్ పెట్టండి.

కొట్టే పరిస్థితి ఉంటే ఇదంతా పక్కన పెట్టి బయటపడండి. 112కి (అత్యవసర నంబరు) గానీ 181కి (మహిళల హెల్ప్‌లైన్) గానీ ఫోన్ చెయ్యండి, గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని కాగితం తీసుకోండి. ప్రాణం కోసం వెళ్ళిపోయినంత మాత్రాన హక్కు పోదు. ఇంట్లోకి రానివ్వకపోవడాన్నే ఈ చట్టం ఆర్థిక హింసగా లెక్కేస్తుంది. బయట తాళం వేసేసినా ఒంటరిగా వెళ్ళి పగలగొట్టకండి. ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఇంట్లో ఉండే హక్కు కోసం దరఖాస్తు మేజిస్ట్రేట్ కోర్టులో ఇదే చట్టం 12వ సెక్షన్ కింద వెయ్యాలి. మీరు నేరుగా వెయ్యొచ్చు, రక్షణాధికారి (ఈ చట్టం కింద బాధిత మహిళలకు సాయం చేసే ప్రభుత్వాధికారి) ద్వారా వెయ్యొచ్చు. పుట్టింట్లో తాత్కాలికంగా ఉంటున్నా ఆ ఊరి కోర్టులో వేసుకోవచ్చు. విడాకుల కేసు నడుస్తున్న ఫ్యామిలీ కోర్టులోనే 26వ సెక్షన్ కింద ఇదే అడగొచ్చు కూడా. రేపో మాపో ఇల్లు పోయేలా ఉంటే మాత్రం మేజిస్ట్రేట్ దగ్గర విడిగా వెయ్యడమే మంచిదని నా అనుభవం. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి.

దరఖాస్తులో "న్యాయం చేయండి" అని రాస్తే సరిపోదు. ఏం కావాలో విడివిడిగా రాయించండి. నన్ను ఖాళీ చేయించకూడదు. నేనుండే గదిలోకి, పోర్షన్‌లోకి ఫలానావాళ్ళు రాకూడదు. ఇల్లు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. కరెంటు, నీళ్ళు ఆపకూడదు. నా సామాను, బంగారం తిరిగివ్వాలి. ఇవి కుదరకపోతే అద్దె ఇవ్వాలి. భర్తను ఇల్లు విడిచి వెళ్ళమని కూడా కోర్టు ఆదేశించగలదు. అత్తగారిని, ఆడపడుచుని వెళ్ళమని మాత్రం ఆదేశించదు, చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది.

మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో ఉండాలని, ఆ వాయిదా నుంచి 60 రోజుల్లో కేసు తేల్చే ప్రయత్నం చెయ్యాలని చట్టం చెప్తుంది. కోర్టు హాల్లో బెంచీ మీద కూర్చుంటే అది ఎంత నిజమో తెలుస్తుంది. అందుకే అసలు దరఖాస్తుతోపాటే 23వ సెక్షన్ కింద అఫిడవిట్ పెట్టి మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు తాత్కాలికంగా ఇచ్చే ఉత్తర్వు, అడగాలి. అవతలివాళ్ళు రాకముందే ఉత్తర్వు ఇచ్చే వీలు అందులో ఉంది. దాని అమలుకు స్టేషన్ అధికారి సాయం చెయ్యాలన్న మాట కూడా ఉత్తర్వులోనే వచ్చేలా చూసుకోండి. ఆ ఒక్క వాక్యం లేక ఉత్తర్వు చేతిలో పట్టుకుని స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్ళని చూశాను. "ఇది సివిల్ మ్యాటర్ అమ్మా" అని పంపించేస్తారు. సర్టిఫైడ్ కాపీ రాగానే జిరాక్సులు తీయించి, ఒకటి స్టేషన్‌లో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి.

మగవాళ్ళు కూడా మా డెస్క్ దగ్గరికి వస్తారు. ఈ చట్టం కింద వాళ్ళు దరఖాస్తు పెట్టలేరు. ఇల్లు తమ పేరునో ఉమ్మడిగానో ఉంటే ఆ హక్కుతో సివిల్ కోర్టుకి వెళ్ళాలి. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలుంది. తాళాలు మార్చే పని పెట్టుకుంటే కేసు ఇంకా ముదురుతుంది.

విడాకుల డిక్రీ వచ్చాక లెక్క మారిపోతుంది, ఇంట్లో ఉంటానని నిలబడటం చాలా కష్టం. అందుకని పరస్పర అంగీకారంతో విడిపోతుంటే, ఒప్పంద పత్రంలో ఇంటి సంగతి పూర్తిగా రాయించాకే సంతకం పెట్టండి. ఏ తేదీదాకా ఉంటారు, కొత్త ఇంటి అడ్వాన్స్ ఎవరు కడతారు, సామాన్లు ఏ రోజు తీసుకెళ్తారు, అన్నీ ఉండాలి. "తర్వాత చూసుకుందాం" అని నోటిమాటగా చెప్పేవన్నీ కూడా ఆ కాగితంలోకి ఎక్కించండి.