పిక్క పట్టేస్తే, కన్ను అదిరితే ఏం చేయాలి?

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉండే మా పిన్ని కొడుకు ఓ రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, పిక్క పట్టేసింది, కాలు కదల్చలేకపోతున్నా." పొద్దున్నే వెళ్లి చూస్తే టేబుల్ మీద మెగ్నీషియం, బి కాంప్లెక్స్ డబ్బాలు వరసగా ఉన్నాయి. పక్కనున్న నీళ్ల సీసా మాత్రం నిండుగా, మూత తీయకుండా ఉంది. ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు, అది ఏ రకమో చూసుకోండి

నిద్ర పట్టబోతుండగా మెట్టు జారినట్టు ఒళ్లు ఉలిక్కిపడటం చాలామందికి ఉన్నదే, జబ్బు కాదు. కనురెప్ప అదరడం కూడా ఎక్కువగా నిద్ర చాలకో, కాఫీ ఎక్కువయ్యో వస్తుంది. (కుడికన్నా ఎడమకన్నా అని అమ్మ అడుగుతుంది. ఎన్ని గంటలు పడుకుంటున్నావని డాక్టరు అడుగుతాడు.) మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేసి, ఓ పది రోజులు వేళకు పడుకుని చూడండి. దర్శినిలో (నిలబడి తాగే హోటల్లో) ఒక కాఫీని ఇద్దరికి 'బై టూ' చెప్పి సగమే తాగుతున్నామనుకుంటాం గానీ, ఆరు బై టూలంటే మూడు కాఫీలు!

పిక్క బిగుసుకున్నప్పుడు

మోకాలు వంచకుండా కాలు చాపి, పాదం వేళ్లను మీ వైపు లాగండి. చెయ్యి అందకపోతే తువ్వాలు పాదానికి తగిలించి రెండు కొసలూ పట్టుకుని లాగండి. నొప్పికి వేళ్లు కిందికి వంచారో, ఇంకా బిగుస్తుంది. లేవగలిగితే మడమ నేలకు ఆనించి నిలబడండి. వదిలాక మెల్లగా మర్దన చేసి వేడి కాపడం పెట్టుకోండి. మర్నాడు కాస్త సలుపు ఉంటుంది, కంగారు పడొద్దు.

మళ్లీ రాకుండా, పడుకునే ముందు గోడకు అరచేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా 30 సెకన్లు ముందుకు వాలండి. ఒక్కో కాలికి మూడుసార్లు. నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటినవాళ్లు రాత్రిపూట ఇలాంటి సాగదీతలు ఆరు వారాలు చేస్తే పట్టేయడం తగ్గిందని 2012లో వచ్చిన అధ్యయనం చెప్పింది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటసేపు క్లచ్ తొక్కిన కాలికైతే ఇది తప్పనిసరి.

బెంగళూరు చల్లదనంలో దాహం తెలియదు, గుర్తుపెట్టుకుని తాగాలి. ఆటాడి బాగా చెమట పోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలుపుకోండి. ఎళనీరులో (కొబ్బరి బోండం నీళ్లలో) పొటాషియం బాగానే ఉంటుంది గానీ చెమటలో పోయిన ఉప్పుకు అది చాలదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగే తాగాలి.

ఇక మాత్రల సంగతి

నా మాట ఒకటే: లోపం ఉందని తేలితేనే వేసుకోండి. మెగ్నీషియం గురించి ఎంత ప్రచారమున్నా, పెద్ద వయసువాళ్ల పిక్కలకు దానివల్ల పెద్ద లాభం ఉండకపోవచ్చని 2020 కోక్రేన్ సమీక్ష (జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసేది) తేల్చింది. అయినా వాడి చూస్తానంటే, మాత్రల నుంచి రోజుకు 350 మిల్లీగ్రాములు దాటొద్దన్నది అమెరికా పరిమితి. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. కిడ్నీ సరిగా లేనివాళ్లకు ప్రమాదం కూడా. కిడ్నీలు బాగున్నవాళ్లకు నువ్వులు, గుమ్మడి గింజలు, రాగి ముద్ద, తోటకూరలతో ఆ భయం లేదు.

మాంసం, గుడ్లు ముట్టనివాళ్లు బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది. బి6 మాత్రం ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే నరాలే దెబ్బతిని తిమ్మిర్లు మొదలవుతాయి. డి విటమిన్ 60,000 యూనిట్ల మాత్ర సాధారణంగా వారానికి ఒకటి రాస్తారు. దాన్ని రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలవుతారు. ఎవరైనా పిక్కలకు క్వినైన్ (మలేరియా మందు) వేసుకోమంటే వద్దనండి. రక్తకణాలకు, గుండెకు హాని ఉందని 2006లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

మీరు వాడే మందులూ చూసుకోండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్లు, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ వల్ల కూడా కండరాలు పట్టేయొచ్చు. సొంతంగా మానకండి, డాక్టరుకు చెప్పండి.

వెంటనే వెళ్లాల్సినవి

ఒళ్లు అదురుతూ స్పృహ తప్పినా, ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడినా, గాయం తర్వాత దవడ బిగుసుకున్నా ఆగొద్దు. ఒక్క కాలి పిక్కే వాచి ఎర్రబడితే రక్తం గడ్డ కావచ్చు. కండ చిక్కిపోతూ బలం తగ్గుతున్నా చూపించుకోవాలి.

అంతగా పట్టించుకోనిది ఇంకోటుంది. టీనేజ్ పిల్లలకు పొద్దున లేవగానే చేతులు విదిలించినట్టు అదిరి, బ్రష్షో గ్లాసో జారిపోతుంటే, నిద్ర లేని మర్నాడు అది ఎక్కువైతే, మూర్ఛలో ఒక రకం కావచ్చు. అజాగ్రత్త అని తిట్టకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. హోసూరు రోడ్డు నిమ్హాన్స్ ఆసుపత్రి ఇలాంటి వాటికి పేరున్న చోటు. అదిరేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అది రమ్మన్నా రాదు.