"దేవదూతలు ఉండగా మనుషులెందుకు?" అని ఎవరైనా అడిగితే జవాబు ఎలా చెప్పాలి

బైబిల్ స్టడీ నడిపేవాళ్లకీ, సండే స్కూల్ చెప్పేవాళ్లకీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. పరలోకంలో అన్ని వేల వేల దూతలున్నారు, పాడేవాళ్లున్నారు, పని చేసేవాళ్లున్నారు, మళ్ళీ దేవుడు మట్టి తీసుకుని మనిషిని చేయడం దేనికి? చాలామంది చెప్పే జవాబు ఒకటుంది, నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను: "దూతలు రోబోల్లాంటివాళ్లు, చెప్పింది చేస్తారు అంతే, తనంతట తాను ప్రేమించేవాడు కావాలని దేవుడు మనిషిని చేశాడు" అని. వినడానికి బాగుంటుంది. ఒకరోజు పన్నెండేళ్ల పిల్లాడు చెయ్యెత్తి "మరి సాతాను?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా జవాబు కూలిపోయింది. దూతలకు ఎంచుకునే శక్తే లేకపోతే వాళ్లలో కొందరు ఎలా తిరగబడ్డారు?

ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. అందులో పనికొచ్చిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రశ్నను విడదీయండి. ఇందులో మూడు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. దూతలకు స్వచిత్తం, అంటే తమంతట తాము ఎంచుకునే శక్తి, ఉందా? దేవుడికి మనిషి అవసరమైందా? మనిషిలో దూతల్లో లేనిది ఏముంది? మూడింటికీ ఒకే వాక్యంలో జవాబు చెప్పాలని చూసినప్పుడే ఆ రోబో కథ పుట్టుకొస్తుంది.

రెండో పని, ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. వాక్యం నేరుగా చెప్పింది ఒక గడిలో, సంఘం తరతరాలుగా ఆలోచించి తేల్చుకున్నది రెండో గడిలో, పాటల్లోంచీ బొమ్మల్లోంచీ ప్రసంగాల్లోంచీ మన తలకెక్కినది మూడో గడిలో. మీకు తెలిసినవన్నీ అందులో వేసి చూడండి, మూడో గడి ఎంత నిండుతుందో చూస్తే మీకే నవ్వొస్తుంది. ఉదాహరణకు సాతాను అసలు పేరని మనం చెప్పుకునే లూసిఫరు. తెలుగు బైబిల్లో యెషయా 14:12 తీయండి, "తేజోనక్షత్రమా, వేకువచుక్కా" అని ఉంటుంది, లూసిఫరు అన్న పేరు ఉండదు, అది లాటిన్ అనువాదంలో వేకువచుక్కకు వాడిన మాట. పైగా నాలుగో వచనం చూస్తే ఆ గీతం బబులోను రాజు మీద పాడింది. యెహెజ్కేలు 28 తూరు రాజు గురించి. తొలి శతాబ్దాల సంఘ పెద్దలు కొందరు ఆ మాటల వెనుక సాతాను పతనాన్ని చూశారు, అలా చూడటం తప్పని నేననను, కానీ అది రెండో గడిలోది, మొదటి గడిలోది కాదు. "దూతల్లో మూడో వంతు పడిపోయారు" అన్నదీ అంతే. ప్రకటన 12:4లో ఉన్నది నక్షత్రాల్లో మూడో భాగం, దాన్ని దూతలుగా చదవడం మనం చేసుకున్న అర్థం.

ఇక దూతల సంగతి. యోబు 38:7తో మొదలుపెట్టండి. దేవుడు భూమికి పునాదులు వేసినప్పుడు దేవుని కుమారులందరూ, అంటే దూతలు, ఆనందించి జయధ్వనులు చేశారని ఉంది. అంటే మనకంటే ముందే వాళ్లున్నారు, మన ఇల్లు కట్టడం చూశారు. వెంటనే యూదా 6, 2 పేతురు 2:4 చదవండి: కొందరు దూతలు తమ ప్రధానత్వాన్ని నిలుపుకోలేదు, పాపం చేశారు. పాపం అన్న మాట వాడారంటేనే అక్కడ ఎంపిక ఉందని. 1215లో రోములో జరిగిన కతోలిక సంఘ మహాసభ, నాలుగో లాటరన్ సభ కూడా ఇదే తేల్చింది, అపవాదినీ దయ్యాలనూ దేవుడు మంచివారిగానే సృష్టించాడు, వాళ్లంతట వాళ్లే చెడ్డవాళ్లయ్యారు అని. ఈ ముక్క గట్టిగా పట్టుకోండి, లేకపోతే దేవుడే చెడును తయారుచేశాడన్న దగ్గరికి జారిపోతారు.

ఇక్కడ తెలివైనవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు: మనిషికి మారుమనస్సుకు అవకాశం ఉంది కదా, దూతలకు ఎందుకు లేదు? ఎనిమిదో శతాబ్దంలో దమస్కు యోహాను అనే సంఘ బోధకుడు ఒక పోలిక చెప్పాడు: మనుషులకు మరణం ఎలాంటిదో దూతలకు పతనం అలాంటిది, ఆ తర్వాత పశ్చాత్తాపం లేదు. 13వ శతాబ్దంలో తోమా అక్వినాసు అనే కతోలిక పండితుడు దానికి కారణం వెతికాడు. మనం ఒక విషయాన్ని కొంచెం కొంచెంగా తెలుసుకుంటాం, సగం తెలిసీ తెలియక నిర్ణయం తీసుకుంటాం, రేపు ఇంకో సంగతి తెలిస్తే మనసు మార్చుకుంటాం. దూత అలా కాదు, చూడాల్సింది ఒక్క చూపులో మొత్తం చూసి ఎంచుకుంటాడు, కాబట్టి వెనక్కి తిరగడానికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. కతోలికులు చాలావరకు ఈ దారిలోనే ఉన్నారు. రిఫార్మ్డ్ సంఘాలవాళ్లు, అంటే కాల్విన్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్లు, 1 తిమోతి 5:21లోని "ఏర్పరచబడిన దేవదూతలు" అన్న మాటను ముందుకు తెస్తారు, నిలిచినవాళ్లు దేవుడు నిలబెడితే నిలిచారని. నాకైతే ఈ రెండింటికన్నా హెబ్రీ 2:16 ఎక్కువ బరువుగా అనిపిస్తుంది. క్రీస్తు దేవదూతల స్వభావాన్ని ధరించుకోలేదు, అబ్రాహాము సంతాన స్వభావాన్ని ధరించుకున్నాడు. పడిపోయిన దూతల కోసం ఎవరూ దిగిరాలేదు. ఈ వచనం చదివాక ఎవరైనా "దూతల బతుకే హాయి" అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

సరే, నిలబడిన దూతలు ఇప్పుడు పాపం చేయగలరా? చేయలేరనే ఎక్కువ సంఘాల బోధ. మరి అప్పుడు వాళ్లు రోబోలే కదా అంటారు. ఈ చిక్కు విప్పడానికి తొలి శతాబ్దాల సంఘ పెద్దల్లో ఒకడైన అగస్టీను చెప్పిన తేడా చాలా పనికొస్తుంది. ఆదాముకు ఉన్న స్వేచ్ఛ పాపం చేయకుండా ఉండగలిగే స్వేచ్ఛ, చివరికి పరిశుద్ధులకు దొరికేది పాపం చేయలేనంత స్వేచ్ఛ, రెండోదే గొప్పది. మీ గ్రూపులో దీన్ని ఇలా అడిగి చూడండి: "పరలోకంలో మీరు పాపం చేయగలరా? చేయలేకపోతే అక్కడ మీరు రోబోలా?" ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. దేవుడే అబద్ధమాడలేడు (తీతు 1:2), ఆయనకంటే స్వేచ్ఛ ఉన్నవాడెవడు? తప్పు చేసే వీలు ఉండటమే స్వేచ్ఛ అని మనం ఎక్కడో నేర్చుకుని వచ్చాం, బైబిల్లో నేర్చుకోలేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, దేవుడికి మనిషి అవసరమా. "దేవుడు ఒంటరిగా ఉన్నాడు, అందుకే మనల్ని చేసుకున్నాడు" అని పిల్లలకు చెప్పేవాళ్లు చాలామంది, దయచేసి మానేయండి. అపొస్తలుల కార్యములు 17:25 ప్రకారం ఆయనకు ఏ కొదువా లేదు. యోహాను 17:24లో యేసు తండ్రితో అంటాడు, జగత్తు పునాది వేయబడక మునుపే నీవు నన్ను ప్రేమించితివి అని. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న త్రియేక దేవుడిలో ప్రేమ ఎప్పుడూ ఉంది, మనం వచ్చి నింపాల్సిన ఖాళీ ఏమీ లేదు. ఖాళీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: పడిపోయిన దూతల స్థానాలు నింపడానికే మనుషుల్ని చేశాడన్న ఆలోచన కూడా పాతదే. రక్షణ పొందిన మనుషులతో ఆ లోటు తీరుతుందని అగస్టీను రాశాడు. 11వ శతాబ్దం చివర్లో అన్సెల్ము అనే బిషప్పు దీన్ని పట్టుకుని తిరగేసి, మనిషిని ఇంకొకరి బదులుగా కాక అతని కోసమే దేవుడు చేశాడని తేల్చాడు. నేను అన్సెల్ము పక్షం. ఇంకొకరి సీటులో కూర్చోబెట్టడానికి పుట్టానంటే ఎవరికి బాగుంటుంది?

మరి ఎందుకు చేశాడు? యెషయా 43:7 సూటిగా చెబుతుంది, నా మహిమ నిమిత్తము సృజించాను అని. 1647 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న ప్రశ్నోత్తరి (విశ్వాసాన్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే ప్రొటెస్టెంట్ పుస్తకం) మొదటి జవాబులోనే దీనికి ఇంకో సగం కలిపింది: మనిషి ముఖ్య ఉద్దేశం దేవుణ్ణి మహిమపరచడం, నిరంతరం ఆయనలో ఆనందించడం. మహిమ అనగానే "పొగడ్తల కోసమా?" అని యూత్‌లో ఎవరో ఒకరు అంటారు, కోపం తెచ్చుకోకండి, న్యాయమైన సందేహమే. రెండో శతాబ్దపు బిషప్పు ఇరేనియసు అన్నమాట చెప్పండి, సజీవుడైన మనిషే దేవుని మహిమ అని. మనం బాగా బతకడంలోనే ఆయన గొప్పతనం కనబడుతుంది, మన దగ్గర్నుంచి లాక్కునేది ఏదీ లేదు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కాబట్టి కాస్త సాగదీస్తాను. మనిషి ప్రత్యేకత దేవుని స్వరూపం (ఆదికాండము 1:26-27) అని అందరూ చెబుతారు, నిజమే, కానీ అక్కడే ఆగితే ఇబ్బంది, ఎందుకంటే బుద్ధి, చిత్తం దూతలకూ ఉన్నాయి, ఆ లెక్కన వాళ్లే మనకంటే ఎక్కువ దేవుణ్ణి పోలి ఉంటారని అక్వినాసే ఒప్పుకున్నాడు. కాబట్టి దేహం దగ్గరికి రండి. మనిషి మట్టీ ఊపిరీ కలిసినవాడు, కనబడే లోకానికీ కనబడని లోకానికీ రెండింటికీ చెందినవాడు. భూమిని ఏలమన్నది మనిషితోనే. ఇంకోటి, దూతలకు పెళ్లిళ్లు లేవు (మత్తయి 22:30), పిల్లలు లేరు, ఒక్కొక్కడూ విడిగా సృష్టించబడినవాడు. మనుషులంతా ఆదాము ఒక్కడి నుంచి వచ్చినవాళ్లు, ఒకే వంశం. అందుకే ఒక్కడి పాపం అందరికీ అంటుకుంది, అందుకే క్రీస్తు ఒక్కడి విధేయత అందరికీ అందుబాటులోకి రాగలిగింది, రోమా 5 మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. ఒక దూత వచ్చి ఇంకో దూత బదులు నిలబడే వీలు లేదు, వాళ్లకు బంధుత్వం లేదు కదా అని అన్సెల్ము వాదన. మన బలహీనత అనుకున్నదే మనకు రక్షణ దారి అయింది.

దీని పక్కనే 1 పేతురు 1:12, ఎఫెసీ 3:10 పెట్టి చదివించండి. దూతలు సువార్త సంగతులను తొంగిచూడాలని కోరుకుంటున్నారట, సంఘం ద్వారా పరలోకంలోని అధికారులకు దేవుని జ్ఞానం తెలుస్తోందట. అంటే కృప అంటే ఏమిటో వాళ్లు మనల్ని చూసి తెలుసుకుంటున్నారు.

స్వచిత్తం మీద చర్చ మొదలైతే ముందు అవతలివాళ్లు ఏ సంఘం నుంచి వచ్చారో తెలుసుకోండి, సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది. 1524లో పండితుడు ఎరాస్మసు స్వచిత్తం ఉందని రాశాడు, మరుసటి ఏడు లూథరు పాపానికి బందీ అయిన చిత్తం గురించి రాశాడు, 1618-19లో రిఫార్మ్డ్ సంఘాల డోర్ట్ సభలో, కృపను మనిషి కాదనగలడన్న అర్మీనియను పక్షాన్ని తోసిపుచ్చారు, ఆ వాదన ఇవాళ మీ హాల్లో కాఫీ చల్లారేలోపు తేలదు. యెహోషువ 24:15, యోహాను 6:44 రెండూ చదవండి, ఒకటి కోరుకోమంటుంది, ఇంకొకటి తండ్రి ఆకర్షిస్తే తప్ప రాలేరంటుంది, ఫిలిప్పీ 2:12-13 రెండింటినీ ఒకే ఊపిరిలో చెబుతుంది. కృప అక్కర్లేదు, మన ప్రయత్నమే చాలు అనే పెలాగియసు దారిని మాత్రం 418లో కార్తేజి సభ నుంచీ సంఘాలన్నీ కాదన్నాయి, ఆ గీత దాటకండి.

అడిగే మనిషి ముఖం కూడా చూడండి. "దేవుడు నన్నెందుకు పుట్టించాడు?" అన్న ప్రశ్న కొన్నిసార్లు ఏడుపు ఆపుకుంటూ వస్తుంది. అప్పుడు అక్వినాసూ వద్దు, గళ్ల కాగితమూ వద్దు, కూర్చుని వినండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "నా పాప ఇప్పుడు దేవదూత అయింది" అంటే, మనుషులు దూతలైపోరని అప్పుడే సరిదిద్దనక్కర్లేదు. మత్తయి 22:30లో "దూతలవలె" అన్నది పెళ్లి విషయంలో మాత్రమేనని ఇంకెప్పుడైనా చెప్పుకోవచ్చు.

పిల్లలకైతే రెండు నిమిషాల్లో చెప్పేయండి: దూతలకూ ఎంచుకునే శక్తి ఇచ్చాడు, కొందరు చెడు ఎంచుకున్నారు, దేవుడికి ఏ లోటూ లేదు, అయినా తన సంతోషంలో పాలు పంచుకోవాలని మనల్ని చేశాడు, మనం పడిపోతే మనలో ఒకడిగా వచ్చాడు. వెంటనే ఎవడో ఒకడు "మనం పడిపోతామని దేవుడికి ముందే తెలుసా?" అంటాడు. తెలుసనే చెప్పండి, నసగకండి. 1 పేతురు 1:20 వాడి చేతే పైకి చదివించండి, జగత్తు పునాది వేయబడక మునుపే క్రీస్తు నియమింపబడ్డాడని ఉంటుంది. ఇంకో ప్రశ్న వస్తే వచ్చే వారానికి రాసుకోండి.